అక్కకు సముద్రం చూపించిన రోజు

మే 3, ఆదివారం. వనపర్తి

ప్రూఫులు వచ్చాయి. నూట అరవై పేజీలు. అచ్చుతప్పులు తక్కువే, ముందుమాటలో నీతులు ఎక్కువ. "ఆవేశాన్ని కాస్త అదుపులో పెట్టుకుంటే" అని రాశాడు ఆ పెద్దమనిషి. ఒక్కరోజు సిమెంటు తట్ట మోస్తే అదుపు ఎక్కడుంటుందో తెలిసేది. ఆ పేరా కొట్టేస్తానంటే జగదీశ్ వద్దన్నాడు. వలస అధ్యయన వేదికకు కార్యదర్శి అయ్యాక అతనికి ఓపిక పెరిగింది. నాకు తరిగింది.

పుస్తకం పేరు 'సముద్రం చూడని అక్క'. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. పదకొండేళ్ల కిందట రాసిన మూడు వాక్యాల మీద ఈ పుస్తకం నిలబడింది: "మా అక్క సముద్రానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో పంతొమ్మిదేళ్లుగా బతుకుతోంది. ఇంతవరకు సముద్రాన్ని చూడలేదు. చూసే తీరిక ఆమె కూలిలో లేదు."

ఈ మూడు వాక్యాలు నాకంటే ఎక్కువ ఊళ్లు తిరిగాయి. నాగర్‌కర్నూలు సభలో ఒక ఇంటర్ అమ్మాయి చూడకుండా అప్పజెప్పింది. గద్వాలలో గోడమీద రాశారు, కింద నా పేరు లేకుండా. దానికి నేను కోపగించుకోలేదు. కొంచెం కోపగించుకున్నాను.

జగదీశ్ ఆలోచన ఏమిటంటే, ఇప్పుడైనా అక్కకు సముద్రం చూపించాలి. మొదటిసారి. నేను బొంబాయి పోయి, తీసుకెళ్లి, ఫోన్‌లో వీడియో తియ్యాలి. 24న ఆవిష్కరణ సభలో పెద్ద తెరమీద వేస్తాడు. అక్క కూడా వేదిక మీద ఉంటుంది. ఇది నాటకమని మొదట తిట్టాను. సాయంత్రానికి నాటకం కాదనిపించింది. ముప్పై ఏళ్లు ఆ నగరానికి రోడ్లు వేసిన మనిషికి ఏ ప్రభుత్వమూ సముద్రం చూపించలేదు. చెల్లెలు చూపిస్తే నాటకమా?

ఆధారం ఉందా అని అప్పట్లో ఒక సంపాదకుడు అడిగాడు. ఉంది. ఫోన్‌లో నేనే అడిగాను, సముద్రం దగ్గరే గదా, పోతుంటరా అని. "యాడనే, పనికే సరిపోతది" అంది అక్క. ఇంతకంటే ఆధారం ఏం కావాలి?


మే 5

అక్కకు ఫోన్ చేశాను. వస్తున్నానంటే సంబరపడింది. సముద్రం దగ్గరికి పోదామంటే నవ్వింది.

ఆదివారం పదకొండున్నర దాకా సంఘం ఉంటుందట. అది మానదు. చర్చి విషయంలో వాదించి లాభం లేదని పదిహేనేళ్ల కిందటే వదిలేశాను. వదలలేదు గానీ, గొంతు తగ్గించాను. సరే, మధ్యాహ్నం పోదామన్నాను.

"గంత ఎండలనా? పొద్దుగూకినాక పోదాం ప్రేమా. ఇసుక కాలుతది."

సాయంత్రం ఏడింటికే నా బస్సు. మధ్యాహ్నమే అని తేల్చేశాను.


మే 9

కొత్తకోటలో బొంబాయి బస్సు ఎక్కాను. సగం మంది తాపీ పనివాళ్లు, సగం మంది వాళ్ల పిల్లలు. టీవీలో ఎవరో నాయకుడి మీద భజన పాటలు. ఆపమన్నాను. మళ్లీ ఆపమన్నాను. ఆపాడు. పిల్లలంతా నావైపు కోపంగా చూశారు.


మే 10, ఆదివారం. తిరుగు బస్సు

బీచ్‌కు వెళ్లాం. విపరీతమైన ఎండ. వీడియో మూడు నిమిషాల పన్నెండు సెకన్లు వచ్చింది. బాగా వచ్చింది. అక్క కళ్లలో నీళ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

మిగతాది ఇంటికి పోయాక రాస్తాను. బస్సు కుదుపుతోంది.


మే 11. వనపర్తి

నిన్న ఆపేసింది బస్సు కుదిపినందుకు కాదు.

మొత్తం రాస్తాను. ఇది ఎవరూ చదివేది కాదు.

అక్క ఉండేది మాల్వణిలో, అక్సా బీచ్‌కు బస్సులో పావుగంట. సంఘం నుంచి తెల్లచీరలోనే వచ్చింది. డబ్బాలో జొన్నరొట్టె, పల్లీల చట్నీ పెట్టింది, ఒక తువ్వాల తడిపి ప్లాస్టిక్ కవరులో పెట్టింది. నా తలమీద వేయడానికి. దిగిన చోటినుంచి తను ముందు నడిచింది, నేను వెనక. దారి ఎవరినీ అడగలేదు. ఇది నేను గమనించలేదా అంటే గమనించాను. ముప్పై ఏళ్లున్న ఊరు, దారులు తెలుస్తాయిలే అనుకున్నాను. అనుకోవడం నాకు బాగా వచ్చు.

ఒంటిగంట కావస్తోంది. గుర్రాలు నీడకు కట్టేసి ఉన్నాయి. గొడుగుల కింద చల్లటి డ్రింకులు తాగుతున్న కుటుంబాలను చూసి నాకు వాక్యాలు పుడుతున్నాయి: ఎవరి సముద్రం, ఎవరి తీరిక, అలాంటివి. ఫోన్ తీసి చేతిలో పట్టుకున్నాను. అప్పటికి అక్కను కళ్లు మూసుకోమందామా అని కూడా ఆలోచిస్తున్నాను.

మెడలో విజిల్ వేసుకున్న గార్డు ఒకాయన, నా ఈడువాడే, అక్కను చూసి లేచి వచ్చాడు. 'మౌషీ' అని, పిన్నిని పిలిచినట్టు పిలిచాడు. మీవాళ్లంతా ఎక్కడ, ఈసారి ఒక్కదానివే వచ్చావేం, ఇంత ఎండలో వస్తారా అని హిందీలో మందలించాడు. అక్క బొంబాయి హిందీలో ఏదో జవాబు చెప్పింది. నన్ను చూపించి నా చెల్లె, కాలేజీలో లెక్చరర్ అని చెప్పింది. గార్డు నాకు నమస్కారం పెట్టాడు.

ఆయనకు నువ్వెట్ల ఎరుక అని అడిగాను.

"ఎరుకుండడా? ఈస్టరుకు ఈస్టరుకు చీకటితోనే వస్తం గద అందరం. పాటలు పాడుకుంట. పోయిన నెల గూడ వచ్చినం." ఆగి, చేయి చాపి చూపించింది. "నా బాప్తిస్మం గీడనే అయ్యె. గా రాళ్ల దిక్కు గుంత ఉంటది, అటు పోవద్దు. నీకు ఫోన్ల చెప్తి గద."

చెప్పింది.

బావ చనిపోయిన మరుసటేడు. పదహారేళ్లయింది. నేను కాలేజీ స్టాఫ్ రూంలో ఉన్నాను. ప్రేమా, ఐతారం నాడు బాప్తిస్మం తీసుకున్న, తెల్లచీర కట్టుకుని నీళ్లల్లకు... అంటోంది. నేను అందుకున్నాను. నలభై నిమిషాలు మాట్లాడాను. కూలి పెంచమని అడగాల్సిన నోళ్లతో పాటలు పాడిస్తున్నారన్నాను. మీకు పని చూపించే యోహాను మేస్త్రి ఒక చేత్తో బైబిలు, ఇంకో చేత్తో హాజరు పుస్తకం పట్టుకుని మిమ్మల్ని ఆడిస్తున్నాడన్నాను. ఆ వాక్యం బాగుందని తర్వాత పుస్తకంలో కూడా పెట్టాను. ఏ నీళ్లల్లకు అని అడగలేదు. నదో, తొట్టో, సముద్రమో నాకు అక్కర్లేకపోయింది. అప్పటినుంచి తను సంఘం అనగానే నేను మాట మారుస్తాను, లేకపోతే క్లాసుందని పెట్టేస్తాను. తన బతుకులో సంతోషమంతా సంఘంలోనే ఉంటే, ఆ సంతోషం నాకు ఒక్క ముక్క కూడా తెలియదన్నమాట. కష్టాలు మాత్రం వరుసగా తెలుసు. అవే రాశాను.

ఇక్కడితో ఆగితే బాగుండేది. అక్కా, తప్పు రాశాను, పద రొట్టె తిందాం అంటే అయిపోయేది. మా ముందు ఇంకా ఎవరూ లేరు, గార్డు తప్ప.

నేను అన్నది ఇది: అక్కా, నువ్వు చూడలేదని రాసిన. సభల వీడియో వెయ్యాలె. మొదటిసారి చూసినట్టు ఒకసారి చెయ్యవా.

అక్క నన్ను చాలాసేపు చూసింది. కళ్లకు ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని.

"నీకు అవసరమా?"

"అవసరం అక్కా."

"అయితె చెప్పు. ఏం జెయ్యాలె?"

చెప్పులు విడవమన్నాను. మొదటిసారి సముద్రాన్ని చూసిన మనిషి చెప్పులు విడిచి పోతుందని నా తలలో ఒక బొమ్మ. ఆ బొమ్మ ఎక్కడిదో కూడా తెలుసు, సినిమాలది. సినిమాలను ఏకిపారేసిన వ్యాసాలు ఈ పుస్తకంలోనే రెండున్నాయి. అక్క చెప్పులు విడిచింది. పొడి ఇసుక మీద నిలబెట్టాను. మెల్లగా నడువు, తల ఎత్తు అన్నాను. అక్క సముద్రాన్ని చూసి నవ్వింది. జాతరలో దూరం నుంచి మేనత్త కనబడితే నవ్వినట్టు. చెయ్యి కూడా కొంచెం లేచింది. వద్దక్కా, నవ్వకు, ఎరుకున్నట్టు కనబడుతుంది అన్నాను.

మళ్లీ వెనక్కి రమ్మన్నాను. ఇంగోసారి అన్నాను. ఈసారి దగ్గరగా ముఖం పెట్టి తీశాను. అక్క పెదవి వణికింది. కళ్లు నిండాయి. "ఎన్ని నీళ్లే ప్రేమా. గిన్ని నీళ్లు నేనెన్నడు చూడలే" అంది.

నేను చెప్పమన్న మాట కాదది. తనే కల్పించింది, నాకోసం. అప్పుడు నాకు కలిగింది సిగ్గు కాదు. ఎంత బాగా వచ్చింది అనుకున్నాను.

అయిపోయింది అనగానే అక్క తడి ఇసుక దాకా పరుగెత్తింది. నీళ్లలో నిలబడింది, నావైపు వీపు పెట్టి, చాలాసేపు. నేను తడి తువ్వాల తలమీద వేసుకుని వీడియో చూసుకుంటున్నాను. గార్డు దూరం నుంచి మా ఇద్దరినీ చూస్తున్నాడు. ఏం అర్థమైందో ఏమో.

రొట్టె తినేటప్పుడు ఏమీ జరగనట్టే ఉంది. నీ జుట్టు తెల్లబడ్డదే అంది.

ఇదంతా రాశాక కూడా ఒకటి అనాలనిపిస్తోంది. అక్క చూసింది, నిజమే. చూడని ఆడవాళ్లు మాల్వణి నిండా ఉన్నారు. వాళ్ల తరఫున ఆ వాక్యం నిజం. ఒక మనిషి విషయంలో తప్పయిన వాక్యం, ఒక వర్గం విషయంలో నిజమే కావచ్చు. అందులో తప్పేముంది.


మే 12

వీడియో జగదీశ్‌కు పంపాను. పంపకుండా ఉండొచ్చు. పంపాను.


మే 13

జగదీశ్ ఏడ్చాడట. ఇంట్లో వాళ్లకు చూపిస్తే వాళ్లూ ఏడ్చారట. సభలో వీడియో అయ్యాక అక్కను మైకులో ఒక్క ప్రశ్న అడుగుతానన్నాడు: మొదటిసారి సముద్రాన్ని చూసినప్పుడు ఏమనిపించిందమ్మా? సరే అన్నాను. సరే అనడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.


మే 15

అందులో తప్పేముంది.


మే 17, ఆదివారం

మధ్యాహ్నం సరిత ఫోన్ చేసింది. అక్క కూతురు, కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది, నాతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడని పిల్ల. నమస్తే కూడా చెప్పలేదు.

"చిన్నమ్మా, అమ్మతోని ఏం జేయించినవ్?"

తెలియనట్టు ఏంది అన్నాను.

వాళ్ల సంఘంలో ప్రతి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది, క్రీస్తు పేరున అందరూ రొట్టె పంచుకోవడం. రొట్టె పళ్లెం వరుసలో చేతులు మారుతూ వస్తుంది. ఈరోజు తన ముందుకు రాగానే అక్క తీసుకోకుండా పక్కామెకు ఇచ్చిందట. బాప్తిస్మమయ్యాక పదహారేళ్లలో ఇది మొదటిసారి. జ్వరంలో కూడా తీసుకున్న మనిషి. అందరూ చూశారు. బయటికి వచ్చాక యోహాను మేస్త్రి, ఇప్పుడు సంఘ పెద్ద ఆయన, ఏమైందమ్మా అని అడిగితే అక్క అన్నదట: "నోట్లె అబద్ధముంది అన్నా. గా నోట్లనే రొట్టె ఎట్ల పెట్టుకుంట?"

అబద్ధమేమిటో చెప్పలేదట. ఎవరితోనన్నా తగాదా పడ్డదా, ఏమన్నా తప్పు చేసిందా అని ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. ఇంటికొచ్చాక సరిత గుచ్చి గుచ్చి అడిగితే బీచ్ సంగతి బయటపడింది. చిన్నమ్మను ఏమనకు, దానికి అవసరముండె అని మాట తీసుకుందట.

ఆ తర్వాత సరిత చెప్పింది ఇంకా ఉంది.

పదకొండేళ్ల కిందట నా వ్యాసం వచ్చిన పత్రిక మాల్వణికి కూడా చేరింది. యోహాను మేస్త్రే తెచ్చాడు. తెలుగు చదవగలిగింది వాళ్లలో ఆయనే. మన ఏసమ్మ మీద అచ్చయిందని అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చదివాడట. సముద్రం చూడలేదన్న చోటికి రాగానే అందరూ పకపకా నవ్వారట, ఈస్టరు పోయి నెల కూడా కాలేదు అప్పటికి. అక్క లేచి, అది నా చెల్లె నా కోసం ఏడ్చుకుంట రాసింది, నవ్వినోళ్లు బయటికి పోండ్రి అన్నదట.

పదకొండేళ్లు. ఆమెకు తెలుసు. ఎన్నిసార్లు ఫోన్‌లో మాట్లాడాను. ఎన్ని సభల్లో ఆ వాక్యాలకు చప్పట్లు కొట్టారో గొప్పగా చెప్పాను. మంచిగయింది చెల్లె అనేది.

"గప్పుడు నువ్వు తెల్వక రాసినవ్ చిన్నమ్మా" అంది సరిత. "ఇప్పుడు తెలిసి చేయించినవ్."

పెట్టేసింది.


మే 18

రొట్టెముక్క. గోధుమపిండి, నీళ్లు. దానిలో ఏమీ లేదని నేను వంద పేజీలు రాయగలను. రాశాను కూడా.

అక్కకు దానిలో ఏముందో నాకు తెలియదు. ఒక్కటి తెలుసు. పెబ్బేరు పక్క మా ఊర్లో పెద్దోళ్ల పెళ్లిలో మా వాడ పంక్తిని పశువుల కొట్టం వెనక వేసేవారు. అక్క పదేళ్ల పిల్ల. విస్తరి ముందు కూర్చోకుండా నన్ను చంకనేసుకుని ఇంటికి వచ్చేసిందని అమ్మ చెప్పేది. అలాంటి మనిషి పదహారేళ్లుగా అందరితో ఒక్క పళ్లెంలోంచి తీసుకుని తింటోంది. నేను పోయి ఆ పళ్లెం ఆమె చేతిలోంచి పక్కకు జరిపించాను. మా ఊరి పెద్దలు కూడా ఇంత నేర్పుగా చేయలేదు.

ఇది మంచి వాక్యం. మంచి వాక్యమని నాకే తెలుస్తోంది. ఛీ.


మే 19

ఆధారమని చెప్పుకున్న ఆ ఫోన్ మాట మొత్తం గుర్తుకొచ్చింది. "యాడనే, పనికే సరిపోతది. పండుగ పండుగకు పోతం" అంది. అప్పుడు బెల్ మోగింది. నేను సగం విని క్లాసుకు పోయాను. లేదు. మొత్తం విన్నాను. సగం పట్టుకుపోయాను.


మే 20

జగదీశ్‌కు చెప్పాను. వేదిక ఆఫీసులో, పుస్తకాల కట్టలు విప్పుతుండగా. అట్టమీద సముద్రం, దాని ముందు ఒక ఆడమనిషి వీపు. ఆ అట్టను అరచేత్తో తుడిచాడు.

తర్వాత మెల్లగా, మర్యాదగా, నాకే నచ్చజెప్పడం మొదలుపెట్టాడు. అక్క చూసింది సరే మేడం, చూడని అక్కలు లేరా? వేలమంది ఉన్నారు. వాళ్ల తరఫున ఆ వాక్యం నిజమే గదా?

11వ తేదీన నేను ఇక్కడ రాసుకున్న మాట. అక్షరం పొల్లుపోలేదు. అతని నోట వింటే గుర్తుపట్టాను. కూలీల గురించి కూలీలను అడగకుండా మాట్లాడే పెద్దమనుషుల గొంతు అది, నేను ముప్పై ఏళ్లుగా తిడుతున్నది.

మరి వద్దు అన్నానా? వీడియో ఆపెయ్ అన్నానా?

"చూద్దాం" అన్నాను.


మే 23, శనివారం

అక్క వచ్చింది. కొత్తకోటలో దింపుకున్నాను. బస్సు దిగుతూ పాదాల అంచుల మీద నడిచింది. ఏమైందంటే కొత్త చెప్పులు కరిచినయ్ అంది. చెప్పులు అవే, పాతవే, నేను బీచ్‌లో విడిపించినవి. చూశాను. సంచి అందుకున్నాను.

మధ్యాహ్నం వంటింట్లో పీట వేసుకుని బెండకాయలు తరుగుతూ అడిగింది, రేపు మైకుల నన్నేమన్న అడుగుతరా అని. జగదీశ్ అడిగే ప్రశ్న చెప్పాను. కత్తిపీట ఆగింది.

"ప్రేమా, నీ ఒక్కదాని ముందట అన్న. గది నేను దేవునికి చెప్పుకుంట. మైకుల అంతమంది ముందట అబద్ధమాడ. అట్లని నీ ఇజ్జత్ గూడ తియ్య." మళ్లీ ఒక కాయ అందుకుంది. "జర గా పిలగానికి చెప్పు, నన్ను అడగొద్దని. కావాలంటె మూగదని చెప్పు."

నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వడం ఎలా సాధ్యమైందో తెలియదు.

ఆమె మూగదైతే నా ఇజ్జత్ నిలబడుతుంది. ఇంతవరకు నిలబడింది కూడా అలాగే.


మే 24, ఆదివారం

హాలు నిండింది. నాగర్‌కర్నూలు అమ్మాయి కూడా వచ్చింది, ఇప్పుడు టీచరట, మొదటి వరుసలో కూర్చుంది. అక్క వేదిక మీద, నా పక్కన, తెల్లచీరలో, కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకుని. తెర దించారు. లైట్లు ఆర్పండి అన్నాడు జగదీశ్.

నేను లేచి మైకు తీసుకున్నాను. ముందుగా అనుకుని కాదు. మూగదని చెప్పమన్న మాట ఉదయం నుంచీ చెవిలో తిరుగుతోంది, అంతే.

ఈ వీడియో అబద్ధం అన్నాను. మా అక్క ఈస్టరుకు ఈస్టరుకు ఆ సముద్రం దగ్గరికి పోతుంది. అందులోనే మునిగి బాప్తిస్మం తీసుకుంది. పదహారేళ్ల కిందట ఫోన్ చేసి నాకు చెప్పింది, నేను వినలేదు. రెండు వారాల కిందట మొదటిసారి చూసినట్టు నటించమని నేను అడిగాను. ఆమె నాకోసం చేసింది. తప్పు ఆమెది కాదు.

మొదటి వరుస అమ్మాయి నన్ను చూడటం లేదు, ఒళ్లో పుస్తకం అట్టను చూస్తోంది. వెనకనుంచి ఎవరో పెద్దాయన నిదానంగా అడిగాడు.

"అయితె మేడం, పుస్తకమంత గిట్లనేనా?"

ఆ ప్రశ్నకు ఒకటే జవాబు ఉంది: తెలియదు, మళ్లీ అడిగి రాస్తాను. నేను ఆ జవాబు చెప్పలేదు. వాదన మొదలుపెట్టాను. గుంపు మేస్త్రీలు, ముందే చేతిలో పెట్టి కట్టేసే అడ్వాన్సులు, అద్దె గదులు, ముప్పై ఏళ్ల వలస చరిత్ర. గొంతు పెరిగింది. చెయ్యి లేచింది. ఈ పొరపాటు నాది ఒక్కదానిదే కాదు, అక్కాచెల్లెళ్లను కూడా మాట్లాడుకోనివ్వని ఈ వ్యవస్థది అనేదాకా పోయాను. చప్పట్లు వచ్చేచోటు అది. నాకు తెలుసు అవి ఎక్కడ వస్తాయో.

అక్క నా కొంగు పట్టి గుంజింది.

"చాలు. కూసో."

మైకులో పడింది. హాలంతా నవ్వింది. నేను కూర్చున్నాను. మాల్వణిలో నా వ్యాసం చదివినప్పుడు నవ్వినవాళ్లను ఈమె బయటికి పొమ్మంది. ఇక్కడ నన్ను కూర్చోబెట్టింది. రెండూ నాకోసమే.

వీడియో వేయలేదు. జగదీశ్ నాతో మాట్లాడలేదు. పుస్తకాల కట్టలు చాలామట్టుకు అలాగే ఆటో ఎక్కాయి.


మే 25

అక్కను బస్సు ఎక్కించి వచ్చాను.

పొద్దున పదకొండుకు రావాల్సిన బస్సు పన్నెండు దాటినా రాలేదు. కొత్తకోట బైపాస్ పక్కన దాబా రేకుల కింద కూర్చున్నాం. లారీలు పోతున్నప్పుడల్లా వేడిగాలి ముఖాన కొడుతోంది. ఇద్దరం చాయ్ తాగాం. అడగటం ఎలాగో తెలియక చివరికి పిల్లలు అడిగినట్టు అడిగాను. ఆ రోజు నీళ్లు చల్లగున్నయా అక్కా?

ఏ రోజు అని అడగలేదు తను.

చెప్పింది. చీకట్లో నడిచిపోవడం నుంచి మొదలుపెట్టి, ఎవరు చెయ్యి పట్టుకున్నారో, మునిగినప్పుడు చెవుల్లో ఏం వినబడిందో, లేచాక బావ ఎందుకు గుర్తుకొచ్చాడో. గంటసేపు. నేను ఒక్కసారి కూడా మధ్యలో మాట్లాడలేదు. దేవుడి పేరు చాలాసార్లు వచ్చింది. నోరు మూసుకున్నాను.

అది ఇక్కడ రాయను. ఎక్కడా రాయను.

బస్సు దూరంగా కనిపించాక ఇంకొకటి అడిగాను. అది అడగకపోతే బాగుండేదా? రెండు వారాలుగా నన్ను నేను నిలబెట్టుకున్నది ఆ ఒక్కదాని మీదే. అంతా నటన కావచ్చు, కానీ ఆ కన్నీళ్లు నటన కాదు, కెమెరాకు అందిన నిజం అది, ముప్పై ఏళ్ల కష్టం అలా పొంగిందని. అక్కా, రెండోసారి తీసినప్పుడు నిజంగనే ఏడ్చినవ్ గద, ఏం యాదికొచ్చింది?

అక్క సంచి భుజానికి వేసుకుంటోంది.

"యాదికేం రాలె. కాళ్లు కాలినయే" అంది. "మొదటిసారికే బొబ్బలొచ్చె. ఇంగోసారి అన్నవ్ గద."

బస్సు ఆగింది. మెట్లు ఎక్కేటప్పుడు కూడా అంచుల మీదే ఎక్కింది. కిటికీలోంచి, ఎండల నిలబడకు, ఇంటికి పో అంది.


మే 31, ఆదివారం

సరిత మెసేజ్ పెట్టింది. రెండే మాటలు. "అమ్మ తీసుకుంది." ఏమిటో రాయలేదు. రాయక్కర్లేదు.

కాళ్లెట్లున్నయని అడిగాను. చదివింది. జవాబు రాలేదు.

ఫోన్‌లో వీడియో తీసేద్దామని తెరిచాను. తీసేసే ముందు ఒకసారి చూశాను, శబ్దం లేకుండా. చెప్పులు విడవమన్నాను గదా, కనీసం ఆ పాదాలు ఎక్కడో ఒకచోట ఉంటాయని. ముఖం, కొంగు, వెనకాల నీళ్లు, మళ్లీ ముఖం. ఆపి ఆపి చూశాను. మూడు నిమిషాల పన్నెండు సెకన్లలో ఎక్కడా కాళ్లు లేవు.